కపిలా, ఇమ్రానా? పర్లాకిమిడి టీ బడ్డీ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

నాది పర్లాకిమిడి. బస్టాండుకి దగ్గరలో చిన్న స్టేషనరీ కొట్టు, దాన్ని ఆనుకుని ఒక టీ బడ్డీ. సాయంత్రం కాలేజీ కుర్రాళ్లు వచ్చి నిలబడ్డారంటే మాట ఎక్కడ మొదలైనా క్రికెట్ దగ్గరికి చేరుతుంది. అక్కడికి చేరాక ఎవడో ఒకడు నన్ను కదుపుతాడు. తెలుగు పిల్లలైతే "మావయ్యా" అని, ఒడియా పిల్లలైతే "మౌసా" అని. ప్రశ్న మాత్రం ఒకటే: టెస్టుల్లో కపిల్ దేవ్ గొప్పా, ఇమ్రాన్ ఖాన్ గొప్పా? చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకని ఎక్కువమంది అడిగేవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరడిగినా ఫోన్లో ఇది పంపేసి నా టీ నేను వేడిగా తాగుతాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. నేను కపిల్ పార్టీ. పాతపట్నంలో ఉండే మా బావ ఇమ్రాన్ పార్టీ. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, పాతపట్నం ఆంధ్ర వైపే ఉండిపోయింది. మధ్యలో పది కిలోమీటర్లు కూడా లేదు. వాదన మాత్రం నలభై ఏళ్లుగా తెగలేదు.

నాన్చకుండా చెప్పండి. ఇద్దరిలో ఎవరు గొప్ప ఆల్‌రౌండర్?

ఇమ్రాన్.

ఈ ఒక్క మాట రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. దయచేసి మా బావకి ఈ పేజీ చూపించకండి. కపిల్ పార్టీలో ఎందుకున్నానో కింద చెబుతాను.

అంకెలు ఏమంటున్నాయి?

ఇమ్రాన్ 88 టెస్టులు ఆడాడు. 37.69 సగటుతో 3807 పరుగులు, 22.81 సగటుతో 362 వికెట్లు. సెంచరీలు 6. కపిల్ 131 టెస్టుల్లో 31.05 సగటుతో 5248 పరుగులు చేసి, 29.64 సగటుతో 434 వికెట్లు తీశాడు. సెంచరీలు 8. ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీయడం ఇద్దరూ సరిగ్గా 23 సార్లే చేశారు, కాకపోతే ఇమ్రాన్‌కి పట్టిన టెస్టులు 43 తక్కువ. మ్యాచ్‌లో పది వికెట్లు ఇమ్రాన్ 6 సార్లు తీస్తే కపిల్ 2 సార్లు తీశాడు.

5000 పరుగులు, 400 వికెట్లు రెండూ ఉన్న టెస్టు ఆటగాడు ప్రపంచంలో ఇప్పటికీ కపిల్ ఒక్కడే. నేను బావ మీద మొదట విసిరే బంతి ఇదే. "ఎక్కువ ఆడితే ఎక్కువ వస్తాయి బావా" అని ఆయన దాన్ని వదిలేస్తాడు.

బ్యాటింగ్ సగటులోంచి బౌలింగ్ సగటు తీసేస్తారు కదా, ఆ లెక్క ఏమిటి?

ఆల్‌రౌండర్లని కొలవడానికి వాడే గజంబద్ద అది. ఒక్కసారి అవుటయ్యే లోపు ఎన్ని పరుగులు చేస్తున్నాడు, ఒక్క వికెట్ తీసే లోపు ఎన్ని ఇచ్చుకుంటున్నాడు, ఈ రెంటికీ తేడా. ఇమ్రాన్‌ది 14.88. అదే కాలంలో ఆడిన ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ బోథమ్‌ది 5.14. న్యూజిలాండ్ ఆల్‌రౌండర్ హాడ్లీది 4.87. కపిల్‌ది 1.41.

మొదటిసారి ఈ లెక్క కాగితం మీద వేసి చూసుకున్న రోజు నేను కొట్టు పెందలాడే కట్టేశాను.

తరవాత ఇంకొంచెం తవ్వితే కాస్త ఊపిరి ఆడింది. ఇమ్రాన్ 126 ఇన్నింగ్స్‌లో 25 సార్లు నాటౌట్. కపిల్ 184 ఇన్నింగ్స్‌లో 15 సార్లే. నాటౌట్ల సంగతి పక్కనపెట్టి, బ్యాటు పట్టుకుని దిగిన ప్రతిసారీ ఎన్ని కొట్టారని చూస్తే ఇమ్రాన్‌కి సుమారు 30, కపిల్‌కి 28న్నర వస్తాయి. అంటే బ్యాటింగులో మనం అనుకున్నంత దూరం లేదు. బౌలింగులో ఉంది. కపిల్‌కి సుమారు 64 బంతులకొక వికెట్ పడితే ఇమ్రాన్‌కి 54 బంతులకే పడింది. దీనికి నా దగ్గర ఏ లెక్కా లేదు.

కపిల్‌కి రెండో వైపు తోడు లేదు అంటారు. అది సాకు కాదా?

కొంత సాకే. మొత్తం కాదు.

ముందు సాకు సంగతి. కపిల్ జీవితమంతా గొడ్డులా బౌలింగ్ చేశాడనీ, ఇమ్రాన్ దొరలా వేశాడనీ మావాళ్లు అంటారు. కపిల్ టెస్టుల్లో వేసినవి 27740 బంతులు, ఇమ్రాన్ వేసినవి 19458. కానీ టెస్టుకిన్ని అని పంచి చూడండి: కపిల్‌కి 212, ఇమ్రాన్‌కి 221. కాబట్టి ఒక్కో మ్యాచ్‌లో పడ్డ చాకిరీ దాదాపు ఒకటే, ఇంకా చెప్పాలంటే ఇమ్రాన్‌కే ఒక ముద్ద ఎక్కువ.

ఇప్పుడు సాకు కాని సంగతి. ఇమ్రాన్‌కి అవతలి వైపు మొదట్లో సర్ఫరాజ్ నవాజ్, మధ్యలో అబ్దుల్ ఖాదిర్ స్పిన్, చివర్లో వసీం అక్రమ్, వకార్ యూనిస్. బ్యాట్స్‌మన్ ఇటు తప్పించుకుని అటు పోయినా దెబ్బే. కపిల్‌కి అవతలి వైపు ఘావ్రీ, మదన్‌లాల్, బిన్నీ, చేతన్ శర్మ, ప్రభాకర్. అందరూ మంచి ఆటగాళ్లే, కానీ బ్యాట్స్‌మన్‌కి నిద్రపట్టకుండా చేసే రకం కాదు. శ్రీనాథ్ వచ్చేసరికి 1991. అప్పటికి కపిల్ బంతిలో వేగం చాలావరకు పోయింది.

కపిల్ రాకముందు మన టీమ్‌లో ఫాస్ట్ బౌలర్ పనేమిటంటే, కొత్తబంతి మెరుపు పోగొట్టి స్పిన్నర్ల చేతికివ్వడం. గవాస్కర్ కూడా ఆ ఓవర్లు వేసిన రోజులున్నాయి. అలాంటి దేశంలో, అలాంటి పిచ్‌ల మీద పరుగెత్తి పరుగెత్తి 434 వికెట్లు తీశాడు. నేను కపిల్ పార్టీలో ఉన్నది ఇందుకే.

ఒకరికొకరు ఎదురుపడిన సిరీస్‌లలో ఎవరిది పైచేయి?

దీనికి జవాబు కొంచెం పొడుగు. టీ చెప్పించుకోండి.

1978: పదిహేడేళ్ల తరవాత భారత్, పాకిస్తాన్ మళ్లీ టెస్టులాడిన సిరీస్. కపిల్ మొదటి టెస్టు ఫైసలాబాద్‌లో, వయసు 19. మొదటి వికెట్ సాదిక్ మహమ్మద్. అప్పటికి ఇమ్రాన్ ఆస్ట్రేలియాలో ప్యాకర్ అనే ఆయన పెట్టిన ప్రైవేటు పోటీల్లో ఆడి రాటుదేలి వచ్చాడు. కరాచీలో ఛేజింగ్‌లో మన స్పిన్నర్ బేడీని సిక్సర్లు కొట్టి మ్యాచ్ తెంచేశాడు. పాకిస్తాన్ 2-0తో గెలిచింది. ఇది ఇమ్రాన్‌ది.

1979-80: వాళ్లు మన దేశానికొచ్చారు. ఇమ్రాన్‌ని గాయం సతాయించింది. కపిల్ ఆరు టెస్టుల్లో 32 వికెట్లు తీశాడు. మద్రాసులో 84 పరుగులు కొట్టి, రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 11 వికెట్లు పడగొట్టాడు. 2-0తో మనం గెలిచాం. ఇది కపిల్‌ది, ఇందులో బావకి కూడా పేచీ లేదు. "మావోడికి దెబ్బ తగిలింది" అని మాత్రం ప్రతిసారీ గుర్తుచేస్తాడు.

1982-83: ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. నేను తొమ్మిదో క్లాసు. మా పెదనాన్న ఇంట్లో రేడియో చుట్టూ అందరం. కామెంటరీ కాసేపు హిందీ, కాసేపు ఇంగ్లిష్. హిందీ వచ్చినప్పుడు పక్కింటి ఒడియా కుర్రాడు మాకు అర్థం చెప్పేవాడు. కరాచీ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో మనవాళ్లు 102కి ఒక్క వికెట్. హమ్మయ్య అనుకుని పెద్దమ్మ ఉప్మా తేవడానికి లోపలికెళ్లింది. ప్లేట్లతో బయటికొచ్చేసరికి 114కి ఏడు! అంత తొందరగా ఉప్మా అయిపోయిందా అని అడక్కండి, మా కళ్లకి అలాగే అనిపించింది. గవాస్కర్, విశ్వనాథ్ ఇద్దరి వికెట్లూ లోపలికి దూసుకొచ్చిన బంతులకే ఎగిరాయి. ఆ ఇన్నింగ్స్‌లో ఇమ్రాన్‌కి 60 పరుగులకి 8 వికెట్లు. తరవాత ఫైసలాబాద్‌లో 117 పరుగులు, 11 వికెట్లు. ఒకే టెస్టులో సెంచరీ, పది వికెట్లు రెండూ అంతకుముందు చేసినవాడు బోథమ్ ఒక్కడే, 1980లో బొంబాయిలో, అదీ మన మీదే. ఆరు టెస్టుల సిరీస్‌లో ఇమ్రాన్‌కి 40 వికెట్లు, సగటు 14 కూడా దాటలేదు. పాకిస్తాన్ 3-0.

అదే సిరీస్‌లో కపిల్ లాహోర్‌లో 85 పరుగులిచ్చి 8 వికెట్లు తీశాడు. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు. గుర్తుండేది గెలిచినవాడిదే కదా. ఆ ఓటమి తరవాతే గవాస్కర్‌ని దించి కపిల్‌కి కెప్టెన్సీ ఇచ్చారు.

1986-87: ఇద్దరూ కెప్టెన్లు. మద్రాసులో ఇమ్రాన్ 135 నాటౌట్. నాలుగు టెస్టులు ఎటూ తేలలేదు, అయిదోది బెంగుళూరులో. గిర్రున తిరిగే పిచ్ మీద గవాస్కర్ తన ఆఖరి టెస్టు ఇన్నింగ్స్‌లో 96 చేసినా 16 పరుగులతో ఓడిపోయాం. నిజానికి ఆ మ్యాచ్‌ని తేల్చింది ఈ ఇద్దరూ కాదు, స్పిన్నర్లు. పేరు మాత్రం ఇమ్రాన్ ఖాతాలో పడింది.

1989: సచిన్ మొదటి టెస్టు కరాచీలో. అదే కపిల్ నూరో టెస్టు. ఇమ్రాన్ అందులో 109 నాటౌట్. నాలుగూ డ్రా. దీన్ని వదిలేద్దాం.

మొత్తం మీద ఇమ్రాన్‌దే పైచేయి.

స్వింగ్‌లో ఇద్దరికీ తేడా ఏమిటి?

మాకు ఇది మహేంద్రతనయ ఇసుకలో తెలిసింది. ఎండాకాలం ఏరు సన్నబడ్డాక ఒడ్డున గట్టినేల చూసుకుని ఆడేవాళ్లం. కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు తెచ్చి టెన్నిస్ బంతికి సగం మాత్రమే చుట్టేవాళ్లం. ఒకవైపు నున్నగా, ఒకవైపు నూగుగా. చేతిలోంచి తిన్నగా వెళ్లే బంతి సగం దూరంలో ఏదో గుర్తొచ్చినట్టు పక్కకి మళ్లేది. రెండు ఓవర్లయ్యేసరికి టేపు అంచు లేచిపోతుంది, బంతి ఫట్ ఫట్ అని చప్పుడు చేస్తుంది, మళ్లీ చుట్టాలి. టేపుకి డబ్బులు పెట్టినవాడికి మొదటి ఓవర్.

తోలు బంతి కథ కూడా ఇలాంటిదే. కపిల్ పక్కకి తిరిగి, వికెట్లని రాసుకుంటున్నట్టు దగ్గరగా వచ్చి వేసేవాడు. కొత్తబంతి కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి దూరంగా జరిగిపోతూ స్లిప్‌లో క్యాచ్ అడిగేది. ఇమ్రాన్ ఆఖరి అడుగులో పెద్ద ఎగురు ఎగిరి బంతిని లోపలికి తెచ్చేవాడు, అదీ పాతబడిన బంతితో. బంతి ఒకవైపు బాగా అరిగిపోయి, రెండోవైపు నున్నగా ఉంటే, మంచి వేగంతో వేసినప్పుడు మామూలుకి ఎదురు దిక్కున స్వింగ్ అవుతుంది. అదే రివర్స్ స్వింగ్. సర్ఫరాజ్ నుంచి ఇమ్రాన్‌కి, ఇమ్రాన్ నుంచి వసీం, వకార్‌లకి వచ్చిన విద్య అది. కొత్తబంతి మెరుపు పోతే కపిల్ పదును తగ్గేది, ఇమ్రాన్‌కి అప్పుడే పని మొదలయ్యేది. వికెట్‌కి 64, 54 అని పైన చెప్పిన ఆ పది బంతుల తేడా ఇక్కడిదే అని నా అనుమానం.

మా బావ ఆ ఎగురు అచ్చంగా ఎగిరేవాడు. చొక్కా మూడు గుండీలు విప్పుకుని మరీ. బంతి ఎక్కడ పడేదన్నది వేరే విషయం.

ఇమ్రాన్ మధ్యలో బౌలింగ్ ఎందుకు మానేశాడు?

ముంగాలి ఎముకలో చీలిక. 1982-83లో మన మీద విపరీతంగా వేసినందుకు కట్టిన మూల్యం అది. 1983 ప్రపంచకప్‌లో ఉట్టి బ్యాట్స్‌మన్‌గా ఆడాడు. ముప్పై దాటిన ఫాస్ట్ బౌలర్‌కి అలాంటి దెబ్బ తగిలితే మామూలుగా కథ అయిపోయినట్టే. ఈయన తిరిగొచ్చి, 1987లో లీడ్స్‌లో పది వికెట్లు తీసి, ఇంగ్లండ్ గడ్డ మీద పాకిస్తాన్‌కి మొదటి టెస్టు సిరీస్ గెలిపించాడు. మరుసటి ఏడు వెస్టిండీస్‌లో మూడు టెస్టుల్లో 23 వికెట్లు. దీనికి మాత్రం నేను లేచి దణ్ణం పెడతాను.

కపిల్‌కి దెబ్బలు తగల్లేదా?

తగిలాయి. ఆపలేదు, అంతే. 1981 ఫిబ్రవరి, మెల్‌బోర్న్. ఆస్ట్రేలియాకి టార్గెట్ 143. కపిల్ తొడ కండరం పట్టేసి మూలుగుతున్నాడు. ఆఖరి రోజు నొప్పి మాత్రలు వేసుకుని వచ్చి 28 పరుగులకి 5 వికెట్లు తీశాడు. వాళ్లు 83కి ఆలౌట్.

పదిహేనున్నర ఏళ్లలో గాయం వల్ల ఒక్క టెస్టు కూడా మానలేదు. మానినది ఒక్కటే, 1984 ఆఖర్లో మొదలైన కలకత్తా టెస్టు. అంతకుముందు ఢిల్లీలో మ్యాచ్ కాపాడాల్సిన సమయంలో ఒక సిక్సర్ కొట్టి, వెంటనే మరోటి కొట్టబోయి అవుటయ్యాడని తీసేశారు. దానికి ముందు వరసగా 66 టెస్టులు, తరవాత వరసగా 65. ఎండలో, చచ్చు పిచ్‌ల మీద, ఫాస్ట్ బౌలర్‌గా! ఓర్పుని కూడా ఆటలో భాగంగా లెక్కేస్తే మన గజంబద్ద మార్చుకోవాలి.

కెప్టెన్సీలో?

పోటీయే లేదు. ఇమ్రాన్ 48 టెస్టుల్లో 14 గెలిచి 8 ఓడాడు. కపిల్ 34లో 4 గెలిచి 7 ఓడాడు, ఒకటి టై, అదే 1986 మద్రాసు టెస్టు, అందులో ఆయనవి 119 పరుగులు. కెప్టెన్సీ ఇచ్చాక ఇమ్రాన్ ఆట ఇంకా పెరిగింది, బ్యాటింగ్ సగటు 52 దాటింది, బౌలింగ్‌ది 20 దగ్గరికి దిగింది. అహ్మదాబాద్‌లో 1983లో కపిల్ కెప్టెన్‌గా వెస్టిండీస్ మీద 83 పరుగులకి 9 వికెట్లు తీశాడు. అయినా ఓడిపోయాం, మనవాళ్లు 103కి కుప్పకూలారు. కపిల్ కెప్టెన్సీ సంగతి ఈ ఒక్క మ్యాచ్‌లో ఉంది. 1986లో ఇంగ్లండ్‌లో 2-0 గెలిచిన సిరీస్ ఒక్కటీ నాకు ఊరట.

ఇమ్రాన్ ఖాతాలో ఇంకోటి వేయాలి. సొంత దేశపు అంపైర్లు సొంత టీమ్ వైపే చూస్తారన్న గొడవ పోవాలని పట్టుబట్టాడు. 1986లో లాహోర్‌లో వెస్టిండీస్‌తో జరిగిన టెస్టుకి మన అంపైర్లు వి.కె. రామస్వామి, పిలూ రిపోర్టర్ వెళ్లి నిలబడ్డారు. ఇవాళ్టి పిల్లలకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది.

బోథమ్, హాడ్లీలని ఎందుకు వదిలేశారు?

మా బడ్డీ దగ్గర వాళ్ల పార్టీలు లేవు కాబట్టి. బోథమ్ మొదటి నాలుగైదేళ్ల ఆట ఈ నలుగురిలో ఎవరూ ఆడలేదు, తరవాత దిగజారిపోయింది. హాడ్లీ బౌలర్‌గా నలుగురిలోకీ మేటి, బ్యాటింగులో నాలుగోవాడు. 1994లో అహ్మదాబాద్‌లో కపిల్ దాటింది హాడ్లీ 431 వికెట్ల రికార్డునే.

ప్రపంచకప్పులు లెక్కలోకి రావా?

రావు. 1983 కపిల్‌ది, 1992 ఇమ్రాన్‌ది, చెల్లుకి చెల్లు. ఇక్కడ టెస్టులే.

ఇమ్రాన్ రాజకీయాలు?

పక్క బడ్డీలో అడగండి.

మీరు కపిల్‌ని టెస్టులో చూశారట, నిజమేనా?

నిజమే, సగం. 1987 జనవరిలో కటక్ బారాబతి స్టేడియంలో శ్రీలంకతో టెస్టు, ఆ స్టేడియంలో అదే మొట్టమొదటిది. నేనూ, ఇంకో ఇద్దరు ఫ్రెండ్సూ ఇక్కణ్ణించి చిన్న రైల్లో నౌపడ వెళ్లి, అక్కడ పెద్ద బండి పట్టుకున్నాం. ఆ చిన్న రైలు గురించి తెలియనివాళ్లకి: దిగి పక్కన నడుస్తూ కబుర్లు చెప్పుకుని మళ్లీ ఎక్కొచ్చు, అంత వేగం. కపిల్‌కి 300వ వికెట్ దగ్గరలో ఉంది. ఆ వికెట్ చూడ్డానికే వెళ్లాం.

వికెట్ పడింది. రుమేష్ రత్నాయకే. అప్పుడు నేను స్టాండ్ వెనకాల నీళ్ల కుళాయి దగ్గర లైన్లో ఉన్నాను. ఒక్కసారిగా నేల అదిరినట్టు కేక. నా ముందున్నాయన చెంబు వదిలేసి పరుగెత్తాడు. నేనూ పరుగెత్తాను. మెట్లెక్కి చూస్తే అందరూ కపిల్ భుజాలు తడుతున్నారు, అంపైర్ చెయ్యి అప్పటికే దిగిపోయింది. మూడువందలో వికెట్ కోసం రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్లి, నీళ్లు తాగొచ్చాను. ఆ నీళ్లు కూడా తాగలేదు. మ్యాచ్ ఇన్నింగ్స్ తేడాతో గెలిచాం, వెంగ్‌సర్కార్ 166 మాత్రం నిండుగా చూశాను.

ఇద్దరికీ పడేది కాదా?

మైదానంలో పోటీయే గాని బయట పగలేమీ కాదు. పగలన్నీ మాలాంటివాళ్లవే.

ఒక్క ఇన్నింగ్స్ చూడమంటే కపిల్‌ది ఏది చూడాలి?

1990 లార్డ్స్. ఫాలోఆన్, అంటే వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సిరావడం, తప్పాలంటే 24 పరుగులు కావాలి. అవతల ఉన్నది ఆఖరి వికెట్ హిర్వాణీ. హెమ్మింగ్స్ ఓవర్లో వరసగా నాలుగు సిక్సర్లు, లెక్క సరిపోయింది. ఆ తరవాత కాసేపటికే హిర్వాణీ అవుట్. అంటే కపిల్ వేసింది పిచ్చి గుడ్డిదెబ్బ కాదు, కూడికలు తెలిసినవాడి పని. ఢిల్లీలో తీసేసిన షాట్, లార్డ్స్‌లో మెచ్చుకున్న షాట్, రెండూ ఒకటే. ఇమ్రాన్‌దైతే 1990 అడిలైడ్‌లో వసీంతో కలిసి ఆడిన 136 చూడండి. ఓపిక పట్టాలి, సిక్సర్లు ఎదురుచూడకండి.

వాదనలో ఓడినవాళ్లు ఏమిస్తారు?

అందరికీ టీ, బరా (గారెలు), ఘుగుని (బఠాణీ కూర). నలభై ఏళ్లలో నేనూ బావా ఎవరమూ ఓడలేదు కాబట్టి ఎవరి డబ్బులు వాళ్లే ఇచ్చుకుంటున్నాం. మొదటి ప్రశ్నకి నేను రాసిన జవాబు ఆయన కంటపడితే మాత్రం ఆ ఖర్చు నాదే. మొన్న ఒక కుర్రాడు, ఎవడో చెప్పను, పాతపట్నం బస్సెక్కుతూ ఈ పేజీ ఫోన్లో చదువుకుంటూ నవ్వుతున్నాడు.